మూడో అంతస్తు చొక్కా

మా షార్ట్ ఫిల్మ్ మొత్తం తొమ్మిది నిమిషాలు. అందులో అందరూ మెచ్చుకున్న షాట్ పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ నేను దొంగతనంగా తీసినవే.

చిక్కడపల్లిలో మేముండే అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. కథలో కొడుకు ఊరొదిలి వెళ్ళిపోయాక, ఒక మామూలు సాయంత్రం కనపడాలి. రెండో అంతస్తు బాల్కనీ గోడకి ఫోన్ ఆనించి, మధ్యలో కాల్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫోకస్ లాక్ చేసి రికార్డ్ నొక్కాను. కింద బండి దగ్గర అక్క చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఎవరితోనో గొడవపడుతోంది. మాటలు వినపడలేదు. ఫోన్ పెట్టేసి కాసేపు ఊరికే నిలబడింది. చేతిలో ఉన్న చొక్కా అంచుతో మొహం తుడుచుకుంది. తర్వాత అదే చొక్కాని పరిచి, నీళ్ళు చల్లి, ఇస్త్రీ చేసి, మడత పెట్టింది.

ఫ్రెండ్స్‌కి చూపిస్తే "భలే పట్టావురా!" అన్నారు. ఆ మెచ్చుకోలు రెండు రోజులు హాయిగానే ఉంది. మూడోరోజు ఎడిట్ చేస్తూ ఆ షాట్ దగ్గర ఆగినప్పుడు ఒక పిచ్చి ప్రశ్న వచ్చింది. ఇంతకీ ఆ చొక్కా ఎవరిది? మా బిల్డింగ్‌లోనే ఎవరిదో అయ్యుండాలి. వాళ్ళు చూస్తే? నాకు అందంగా కనపడిన క్షణం ఆవిడ బతుకుతెరువుకి ఎసరు పెట్టొచ్చని అప్పటిదాకా తట్టనే లేదు.

ఫోన్‌తో సినిమా అనగానే మనం సంబరంగా చెప్పుకునే కథలున్నాయి. 2015లో వచ్చిన 'టాంజరీన్'ని షాన్ బేకర్ ఐఫోన్ 5ఎస్‌లతో లాస్ ఏంజిలస్ వీధుల్లో తీశాడు. అంతకుముందు ఇరాన్‌లో జాఫర్ పనాహీ మీద ఇరవై ఏళ్ళు సినిమాలు తీయకూడదని నిషేధం పెట్టారు. ఆయన తన ఫ్లాట్‌లోనే కూర్చుని 'దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్' చేశాడు. అందులో కొంత భాగం ఫోన్‌తో తీసిందే. 2011లో అది పెన్‌డ్రైవ్‌లో దేశం దాటి కేన్స్‌కి చేరింది. చేతిలో ఇమిడిపోయే కెమెరా ఎంత ధైర్యమివ్వగలదో చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

నేనూ బాల్కనీలో నిలబడి పనాహీ బంధువునే అనుకున్నాను. కానీ ఆయన కెమెరా ఎవరి కంటపడకూడదు? ఆయన్ని జైల్లో వెయ్యగల ప్రభుత్వం కంట. నా ఫోన్ ఎవరికి కనపడలేదు? చొక్కాకి ఇన్ని రూపాయలని లెక్కేసుకుని బతికే మనిషికి. చిన్న కెమెరా ఒకటే. పై వాడి నుంచి దాచుకుంటే అది ఆత్మరక్షణ. కింద ఉన్న మనిషికి తెలియకుండా వాడితే దాన్నేమనాలి? నేను అక్షరాలా పైనుంచే తీశాను, రెండో అంతస్తు నుంచి.

పెద్ద కెమెరా, లైట్లు, ట్రాలీ వచ్చి వీధిలో దిగితే ఎవరికీ చెప్పక్కర్లేదు. "షూటింగంట" అని నలుగురూ మూగుతారు. ఇష్టం ఉన్నవాళ్ళు తల దువ్వుకుని ముందుకొస్తారు, లేనివాళ్ళు మొహం చాటేసి పోతారు. ఆ బరువూ హడావుడీ మనకి చిరాకే గానీ, అవతలి మనిషికి అదొక హెచ్చరిక. ఫోన్ ఆ బరువుతో పాటు హెచ్చరికని కూడా తీసేసింది. అది చెయ్యని పని ఇప్పుడు మనం నోటితో చెయ్యాలి.

అడిగితే నిజం పోతుంది కదా అంటారు. పోతుంది. కెమెరా ఉందని తెలిశాక ఎవరూ అలా మొహం తుడుచుకోరు. నేనూ ఈ వాదనతోనే ఇంకో వారం నెట్టుకొచ్చాను. కానీ ఆ నిజం ఖరీదు నేను కట్టడం లేదు, ఆవిడ చేత కట్టిస్తున్నాను. చప్పట్లు నాకు, మాట పడితే ఆవిడకి.

చివరికి కిందికి దిగి ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. రెండుసార్లు చూసింది. ఏడుపు గురించి ఒక్క మాట కూడా అనలేదు. "గా అంగి మూడో ఫ్లోర్ సార్‌ది తమ్మీ. ఆయన జూస్తే మళ్ల బట్టలేస్తడా?" అంది. డిలీట్ చేస్తానన్నాను. అక్కడే, ఆవిడ ముందే చేశాను. కాసేపాగి, "నీకు గావాల్నంటే నా కొంగుతోని తుడుసుకుంట. మళ్ల తియ్యి" అంది.

మర్నాడు ఈసారి బండి ఎదురుగా నిలబడి తీశాను. జుట్టు సరిచేసుకుంది. నాలుగు టేకులు. ప్రతి టేకు తర్వాత "మంచిగొచ్చిందా?" అని అడిగి చూసుకుంది. రెండోది బాలేదని తనే చెప్పింది.

సినిమాలో ఇప్పుడున్నది ఆ నాలుగో టేకు. మొదటి షాట్ చూసినవాళ్ళు "ఇది కొంచెం యాక్టింగ్‌లా ఉందిరా" అంటున్నారు. అవును, యాక్టింగే. టైటిల్స్‌లో ఆవిడ పేరు కూడా నటుల దగ్గరే వేశాం, ఎలా రాయాలో ఆవిడనే అడిగి.