పిడి నుండి ఊడిన గొడ్డలి

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము



ఈ నెల ధ్యానమునకు ముందు మీ ఇంటనున్న బైబిలు తెరచి ఈ అధ్యాయమును ఒకసారి నెమ్మదిగా చదువుకొనుడి. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింపవలెను. ఇందులో మూడు ప్రశ్నలు కలవు. ఇద్దరు మనుష్యులు కట్టెలు కొట్టుటకు అడవికి పోగా, ఒకని గొడ్డలి పిడి నుండి ఊడి రెండవవానికి తగిలి అతడు చచ్చిన యెడల ఏమి చేయవలెను? ఒకనిమీద నేరము మోపుటకు ఎందరు సాక్షులు కావలెను? అబద్ధసాక్షికి ఏమి శిక్ష? వేల యేండ్ల క్రిందటి ఈ ప్రశ్నలే నేడు మన పిల్లల నోట వేరొక రూపమున వినబడుచున్నవి.

హఫీజ్‌పేట పేరు మీలో అనేకులు ఎరిగినదే. సికింద్రాబాదు నుండి లింగంపల్లికి పోవు రైలు మార్గమున హైటెక్ సిటీ దాటిన వెంటనే వచ్చు స్టేషను అది. మన పల్లెల నుండి కంప్యూటరు కంపెనీలకును, కట్టడపు పనులకును, కావలి పనులకును పోయిన పిల్లలు ఆ చుట్టుపట్ల గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముందురు. పగలెల్ల పనిచేసి, రాత్రి ఫోనులో విదేశపు ఫుట్‌బాల్ పందెములు చూతురు. యూరపులో సాయంకాలమైనప్పుడు మనకు అర్ధరాత్రి. శనివారపు రాత్రి ఆట చూచినవారికి ఆదివారపు ఆరాధనలో కన్నులు మూతలుపడుట వింత కాదు. అది వేరొక ధ్యానము. ఆట ముగిసిన పిమ్మట టీ కొట్టువద్ద జరుగు వాదమును గూర్చి ఇప్పుడు వ్రాయుచున్నాము. "వాడు మందు వేసికొని ఆడినాడు" అని ఒకడనును. "మావాడు అట్టివాడు కాడు, మీవాడే దొంగ" అని ఇంకొకడనును. స్నేహితులు ఒకరినొకరు దూషించుకొని, గదికి వేరువేరుగా పోవుదురు.

హైదరాబాదునకు ఫుట్‌బాల్ క్రొత్తది కాదు. ఈ నగరవాసియు ఉపాధ్యాయుడునైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు శిక్షణ నిచ్చిన భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకమును పొందెను. ఆ దినములలో ఆటగాని శరీరమును పరీక్షించు ఏర్పాటు ఈ ఆటలో లేదు. 1966 ప్రపంచ కప్పు పోటీలలోనే మొదటిసారి ఆటగాండ్ర మూత్రమును పరీక్షింప నారంభించిరి. ఇప్పుడు నియమము కఠినమైనది. ఆటగాని మూత్రమును రెండు సీసాలలో పోసి ముద్రవేయుదురు. ఒకటి ఏ సీసా, రెండవది బి సీసా. ఏ సీసాలో నిషిద్ధమైన మందు కనబడిన యెడల, ఆటగాడు కోరినచో బి సీసాను కూడ తెరచి చూతురు. ఒక్క సీసా మాట చాలదను ఈ పద్ధతి, ఒక్క సాక్షి మాట చాలదని మోషే నేర్పిన ధర్మమునకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. గొడ్డలి ఊడినది. మనిషి చచ్చినాడు. కొట్టినవానికి పగ లేదు. దేవుని ధర్మము అతని నరహంతకుడని చంపుమనలేదు. అయితే ఏమియు జరుగలేదని ఇంటికి పొమ్మనియు చెప్పలేదు. అతడు ఆశ్రయపురమునకు పారిపోవలెను. సంఖ్యాకాండము 35వ అధ్యాయము ప్రకారము ప్రధానయాజకుడు మరణము నొందువరకు అక్కడనే ఉండవలెను. బుద్ధిపూర్వకముగా చేసినదానికిని తెలియక చేసినదానికిని భేదము కలదు. తెలియక చేసినదానికిని ఉత్తరవాదము కలదు. ఈ రెండు మాటలను కలిపి పట్టుకొనవలెను.

ఆటల ధర్మము కూడ ఇట్లే యున్నది. నీ శరీరములో దొరికినదానికి నీవే ఉత్తరవాదివి, ఎవరిచ్చినను, ఎట్లు వచ్చినను అని అది చెప్పును. తరువాతనే, నీవు తెలిసి చేసితివా, తెలియక చేసితివా అని విచారించి శిక్షను తగ్గించును. కామెరూన్ దేశపు గోల్‌కీపరు ఆంద్రే ఒనానా సంగతి వినుడి. 2020 అక్టోబరులో తీసిన నమూనాలో ఫ్యూరోసెమైడ్ అను మందు కనబడెను. మన పల్లెలలో కాళ్లవాపు, గుండెజబ్బు ఉన్న పెద్దలు మూత్రము సాఫీగా పోవుటకు మింగు మాత్ర అదే. మూత్రమును పలుచన చేసి ఇతర మందులను కప్పిపుచ్చగలదు గనుక ఆటలలో అది నిషిద్ధము. తలనొప్పి మాత్ర అనుకొని భార్య మాత్రను పొరపాటున మింగితినని ఆయన చెప్పెను. మోసపు తలంపు లేదని యూరపు ఫుట్‌బాల్ సంఘమే ఒప్పుకొనెను. అయినను 2021 ఫిబ్రవరిలో ఒక సంవత్సరము ఆడరాదని తీర్పు చెప్పెను. పై న్యాయస్థానము దానిని 9 నెలలకు తగ్గించెను. ఇది ఊడిన గొడ్డలి గాక మరేమి?

ఫ్రాన్సు దేశపు పాల్ పోగ్బా సంగతియు ఇట్టిదే. 2023 ఆగస్టులో ఇటలీలో ఒక పందెము పిమ్మట తీసిన నమూనాలో పురుష హార్మోనును పెంచు పదార్థము కనబడెను. 2024 ఫిబ్రవరిలో 4 సంవత్సరములు నిషేధించిరి. ఆ యేటి అక్టోబరులో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానము దానిని 18 నెలలకు తగ్గించెను. అమెరికాలో ఒక వైద్యుడు వ్రాసియిచ్చిన బలవర్ధకము వలన అది ఒంటిలో చేరినదనియు, కావలెనని చేసినది కాదనియు అంగీకరించెను. అయినను అంత అనుభవమున్న ఆటగాడు ఇంకను జాగ్రత్త పడవలసినదని చెప్పి, ఆయనను పూర్తిగా నిర్దోషి అనలేదు.

దూరదేశపు మాటలే ఏల? మన దేశపు గోల్‌కీపరు సుబ్రతా పాల్ 2011 ఆసియా కప్పులో భారతదేశపు గోలును కాచినవాడు, 2016లో అర్జున పురస్కారము పొందినవాడు. 2017లో జాతీయ జట్టు శిబిరమున తీసిన నమూనాలో టెర్బుటలిన్ అను మందు కనబడినదని పత్రికలు ప్రకటించెను. ఊపిరి గొట్టములను విప్పు మందు అది. మన ఊరి మందుల దుకాణములో అమ్ము అనేక దగ్గుమందులలో కలదు. వైద్యుడిచ్చిన దగ్గుమందు త్రాగితినని ఆయన చెప్పెను. వార్త వచ్చిన దినమున ఆయనను మోసగాడనిన నోళ్లు ఎన్నియో! అయితే ఆ సంవత్సరాంతమునకే ఆయన జంషెడ్‌పూరు జట్టు గోలు ముందు మరల నిలిచెను. 2020లో మన హైదరాబాదు జట్టులో చేరెను. గచ్చిబౌలి మైదానమును సొంత మైదానముగా చేసికొని, 2022లో గోవాలో కేరళ జట్టును ఓడించి లీగును గెలిచిన జట్టు అదే. 2017లో ఆయనను తిట్టినవాడును 2020లో ఆయనకు చప్పట్లు కొట్టినవాడును ఒక్కడే యైయుండవచ్చును. మన నాలుక అట్టిది.

రెండవ ప్రశ్న సాక్షులను గూర్చినది. మూడవది అబద్ధసాక్షిని గూర్చినది. ఈ రెంటికిని ఒకే మనిషి జీవితము దృష్టాంతముగా నున్నది. ఆయన మమదూ సాఖో, లివర్‌పూల్ జట్టులో ఆడిన ఫ్రాన్సు దేశస్థుడు. కొవ్వు కరగించు మందు ఒకటి వాడగా, 2016లో ఆయన నమూనాలో హిజెనమైన్ అను పదార్థము కనబడెను. వెంటనే 30 దినములు ఆడరాదనిరి. ఆ దినములలోనే, మే 18న, బాసెల్ పట్టణమున ఆయన జట్టు యూరపు కప్పు కొరకు చివరి పందెము ఆడెను. ఆయన లేడు. తరువాత సొంత దేశములోనే జరిగిన యూరపు దేశముల పోటీలకును ఆయనను తీసికొనలేదు. జూలైలో యూరపు ఫుట్‌బాల్ సంఘము ఆ నేరారోపణనే కొట్టివేసెను. ఏలయనగా ఆ పదార్థము నిషిద్ధముల పట్టికలో ఉన్నట్లు రుజువు కాలేదు. సీసా అబద్ధమాడలేదు. ఏమున్నదో చెప్పెను. అయితే ఉన్నది నేరమో కాదో సీసా చెప్పజాలదు. ఒక్క సాక్షి మాటమీద జనులు తీర్పు తీర్చివేసిరి.

కథ అంతటితో ముగియలేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఆ తరువాతను ఆయనను దోషివలె చూపుచు పత్రికలకు మాటలు చెప్పెను. ఆయన లండనులో వ్యాజ్యము వేసెను. 2020 నవంబరులో ఆ సంస్థ న్యాయస్థానమున క్షమాపణ చెప్పి నష్టపరిహారము చెల్లించెను. ఇతరులను పరీక్షించు సంస్థయే తన నోటిమాటకు లెక్క ఒప్పజెప్పవలసివచ్చెను. అబద్ధసాక్షి తన సహోదరునికి ఏమి చేయదలచెనో అదే అతనికి చేయవలెనని మన అధ్యాయము చెప్పుచున్నది. పరిహారము ముట్టినది గాని, పోయిన ఆ చివరి పందెమును ఎవరు తిరిగి ఇయ్యగలరు? నింద మోపుటకు ఒక్క క్షణము చాలును. దానిని కడుగుటకు నాలుగేండ్లు పట్టెను.

అట్లయిన అందరును అమాయకులేనా అని మీరడుగవచ్చును. కారు. మోసగాండ్రును కలరు, వారిని పట్టుటకే ఈ పరీక్షలు. మన వాదములోని రోగము వేరు. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో సంచిలో రెండు విధముల తూనికరాళ్లు పెట్టుకొనుట దేవునికి హేయమని యున్నది. సంతలో కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి దాచుకొను వర్తకుని మనమెరుగుదుము. అభిమానియు అట్లే, తన జట్టువానికొక రాయి, ఎదిరి జట్టువానికొక రాయి దాచుకొనును. అర్జెంటీనా దేశపు మారడోనాకు 1991లో కొకెయిన్ విషయమై 15 నెలలును, 1994 ప్రపంచ కప్పులో ఎఫెడ్రిన్ విషయమై మరల 15 నెలలును నిషేధము విధించిరి. ఆయనను ప్రేమించినవారు అది కుట్ర యనిరి. అదే మందు శత్రువుల ఆటగానిలో దొరికియున్న యెడల వారేమందురో మీరే ఊహించుకొనుడి.

ప్రియులారా, ఫుట్‌బాల్ సంగతి సంఘమునకెందుకు అని తలంచవద్దు. ఈ రెండు రాళ్ల సంచి మన మందిరములో కూడ వ్రేలాడుచున్నది. పట్నమునుండి పండుగకు వచ్చిన పిల్లవాని సంచిలో ఒక సీసా కనబడినదని ఒకరందురు. సాయంకాలమునకు అది సారాసీసా యగును. ఆదివారమునకు వాడు చెడిపోయినాడని ఊరెల్ల చెప్పుకొనును. అది దగ్గుమందో, బలమునకు పొడియో, నిజముగా సారాయో ఎవరును వానిని అడుగలేదు. వాడు మరల పండుగకు రాడు, ప్రభువు బల్లకును రాడు. మన పిల్లలలో మందిరము విడిచినవారెందరు ఇట్టి మాటచేత విడిచిరో ప్రభువెరుగును. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు మొదట నీవును వాడును ఒంటరిగా నున్నప్పుడు మాటలాడుమనెను. తరువాత ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పొమ్మనెను. సంఘమునకు తెలుపుట అటుపిమ్మటనే. మనము చివరి మెట్టునుండి మొదలుపెట్టుచున్నాము.

యౌవనస్థులారా, మీతోను ఒక మాట. పోలీసు ఉద్యోగపు పరుగునకు, కబడ్డీ పోటీకి, లేక కండలు పెంచుటకు ఎవరైనను పొడి యిచ్చినను, సూది వేసికొమ్మనినను, అందులో ఏమున్నదో తెలియనిదే ముట్టవద్దు. డబ్బామీద ఆహారశాఖవారి 14 అంకెల లైసెన్సు నంబరున్నంత మాత్రమున అందులో నిషిద్ధమైనది ఏదియు లేదని కాదు. పోటీలలో ఆడువారు దగ్గుమందు త్రాగుటకు ముందుకూడ, నేను ఆటగాడనని వైద్యునితో చెప్పవలెను. మన దేశమున 2005 నుండి డోపింగ్ నిరోధక సంస్థ కలదు, 2022లో దానికి చట్టమును ఏర్పడినది. తెలియదనుట శిక్షను తగ్గించునేమో గాని ఉత్తరవాదమును తీసివేయదు. చట్టము కంటె ముందే, మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసియున్నాడు. పిడి బిగువుగా నున్నదో లేదో గొడ్డలి ఎత్తకముందే చూచుకొనువాడు జ్ఞాని.

కాబట్టి ఒకని పేరు మన నోట రాకముందు మూడు ప్రశ్నలు వేసికొందము. వాడు తెలిసి చేసెనా, తెలియక చేసెనా? నేను విన్నది ఎందరు సాక్షుల నోట? వాడు నా కుమారుడైయున్న యెడల ఇదే మాట చెప్పియుందునా? ఈ మూడింటికి జవాబు దొరకువరకు మౌనము మనకు క్షేమము.

మన ప్రభువు మీద అనేకులు అబద్ధసాక్ష్యము చెప్పిరనియు, వారి సాక్ష్యములు ఒకదానికొకటి సరిపడలేదనియు మార్కు 14వ అధ్యాయము తెలుపుచున్నది. సరిపడని సాక్ష్యముమీద శిక్ష పొందినవాడు, నిందింపబడినవాని బాధ నెరుగును. తప్పుచేసినవానికి ఆశ్రయపురము కూడ ఆయనయే. ఆ పట్టణపు గుమ్మములు మూయబడలేదు. పారిపోయి వచ్చు సహోదరుని దారిలో మన మాటలు ముండ్లకంచె కాకుండును గాక.

ప్రార్థన: న్యాయాధిపతివైన తండ్రీ, మా నోటికి కావలి యుంచుము. పట్నములలోనున్న మా బిడ్డల దేహములను, వారి మంచి పేరును కాపాడుము. తీర్పు తీర్చు స్థలమున మాకు ఒకే తూనికరాయి దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.