‘నేను’ రాకముందు

హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇళ్లలో పసిపిల్లల చెవిన తెలుగుతోపాటు తమిళం, కన్నడం కూడా పడతాయి. రెండేళ్ల బిడ్డ మూడింటినీ కలిపి మాట్లాడటం ముచ్చటే. అంతకన్నా ముచ్చటైనది ‘నేను’ దగ్గర తికమక. కిందపడితే ‘బుజ్జి పడిపోయింది’ అంటుంది. ఆకలేస్తే తల్లి మాటనే తిప్పి, ‘నీకు పాలు కావాలా?’ అంటుంది. అద్దంలోని బిడ్డ తానేనని చాలామంది 18–24 నెలల మధ్య గుర్తుపడతారు.

అంతకుముందు ‘నేను’ అనే అహంకారం లేనట్టేనా? బౌద్ధుల మజ్ఝిమ నికాయంలోని మహామాలుంక్య సుత్తం ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొంటుంది: పొత్తిళ్లలోని శిశువుకు తానన్న భావనే లేదు, అయినా దాని వాసన లోపల అణిగి ఉంటుంది. ఇదే సరైన మాట. ‘నేను’ రాలేదు కదా అని పసితనాన్నే ఆత్మజ్ఞానమనడం తొందరపాటు. బొమ్మ లాక్కుంటే గుక్కపట్టి ఏడ్చే బిడ్డలో, ‘నాది’ అనడం రాకముందే మమకారం ఉంది. బ్రహ్మసూత్ర భాష్యానికి ఉపోద్ఘాతమైన శంకరుల అధ్యాస భాష్యం ‘నేను’, ‘నాది’ రెంటికీ మూలం ఒకే అవివేకమంటుంది.