గోడకు ఇటు బోరు, అటు బావి



ఏప్రిల్ మూడో వారం దాటిందంటే మా కర్నూలులో ఉదయం పదకొండు గంటలకే వీధులు ఖాళీ అవుతాయి. నాపరాళ్లు పరచిన అరుగులు రాత్రి ఎనిమిదైనా వేడి కక్కుతూనే ఉంటాయి. తుంగభద్రలో బండలు బయటపడతాయి. ఆ ఎండలోనే కానుగచెట్టు లేత ఆకు తొడుగుతుంది, మల్లె విరగబూస్తుంది. చెట్లకు లేని కంగారు మనకే. వీధి మొదట్లో ట్యాంకరు హారను వినిపిస్తే చాలు, ప్లాస్టిక్ బిందెలు వరుస కడతాయి. ఆ వరుసలో ముందున్నవారికీ వెనకున్నవారికీ మధ్య నడిచే మాటలు మీకు తెలియనివి కావు.

అలాంటి ఒక వేసవిలో ఆదివారం పూజ అయ్యాక, డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు నన్ను అడిగాడు: "తాగడానికి నీళ్లు లేని ఊళ్లో పూలతోట పెంచడం తప్పు కాదా ఫాదర్?" నేను నవ్వి, "అందం కూడా మనిషికి అవసరమే నాయనా" అని ఒక్క మాటతో తేల్చేశాను. జవాబు వినడానికి బాగానే ఉంది. కానీ అది చెప్పిన మనిషికి ఒక పూలతోట ఉంది. తన తోటను తానే సమర్థించుకునేవాడి మాటను కాస్త అనుమానంతో వినాలి. ఆ అనుమానం నాకు ఆలస్యంగా కలిగింది. ఎలా కలిగిందో చెబుతాను.

నేను ఆ విచారణకు వెళ్లేనాటికే దేవాలయ ఆవరణలోని పాత చేదబావి పూడిపోయి ఉంది. రెండో ఏట బోరు వేయించాం. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీటిజాడ చెప్పే పెద్దమనిషిని సంఘస్తులెవరో పిలుచుకొచ్చారు. తత్వశాస్త్రం చదివిన నాకు ఆ కొబ్బరికాయ మీద నమ్మకం లేదు. అయినా వద్దనలేదు. నీళ్లు పడకపోతే నింద నామీదికి వస్తుందన్న భయం ఉండింది. నాలుగు వందల అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. అందరం చప్పట్లు కొట్టాం. ఆ ఏడాది విచారణ పండుగకు బలిపీఠం మీద పెట్టిన పూలన్నీ మా తోటవే. మల్లె, కనకాంబరం, మందారం, గోడవారన గన్నేరు, మధ్యలో పచ్చగడ్డి.

మరుసటి వేసవిలో మా వెనక గోడకు అవతలి ఇంట్లో బావి ఎండిపోయింది. ఆ ఇంటి అవ్వ మన సంఘస్తురాలు కాదు గానీ, గోడమీదుగా పలకరిస్తూ ఉండేది. ఒక సాయంత్రం నేను పైపుతో గడ్డి తడుపుతుంటే అంది: "మా బాయిలో చుక్క లేకుండా పోయింది సామీ. మా మామ తవ్విచ్చిన బాయి. నా పెండ్లినాటి నుంచి ఎప్పుడూ ఎండలేదు. మీ మల్లెలు మాత్రం బాగా పూసినాయి. దేవునికే కదా, పూయనీలే."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. తిట్టి ఉంటే నేను జవాబు చెప్పేవాణ్ణి.

జవాబులు చాలానే ఉన్నాయి మరి. ఆ రాత్రి నిద్రపట్టక ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. ఆ వీధిలో బోరు మాదొక్కటే కాదు, వేళ్లమీద లెక్కపెడితే పదకొండు. మాది నాలుగు వందల అడుగుల బోరు, ఆమెది నలభై అడుగుల బావి, రెంటికీ సంబంధమేమిటి? పైగా చట్టం నా వైపే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, నేల కింద ఒక నిర్ణీత పాయగా పారని నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు ఆ నేల యజమానిది. 2002లో వచ్చిన వాల్టా చట్టం బావుల నమోదు, కొత్త బోర్లకు అనుమతి వంటి కట్టుబాట్లు తెచ్చింది. ఆ కాగితాలూ మా దగ్గర సరిగానే ఉన్నాయి. ఏ న్యాయస్థానంలోనూ నేను దోషిని కాను.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆమె బావిని మా బోరే ఎండగట్టిందని ఎవరూ రుజువు చేయలేరు. కాదని కూడా రుజువు చేయలేరు. మన సీమది రాతినేల. ఒకచోట గట్టి రాయి, ఇంకొకచోట నాపరాయి. ఏటి ఇసుకలో మాదిరిగా ఈ రాతిలో నీరు అంతటా సమంగా ఉండదు. పగుళ్లలో, నెర్రెల్లో ఉంటుంది. అందుకే ఒకచోట నీళ్లు పడితే పది గజాల అవతల వేసిన బోరులో దుమ్ము లేస్తుంది. ఏ నెర్రె ఎవరి గోడ కిందుగా ఎటు పోతుందో పైనుంచి చూసేవారికి కనబడదు.

కనుక అసలు ప్రశ్న పూలతోట గురించి కాదని నాకు ఆ రాత్రి తోచింది. తప్పు రుజువు కాని చోట బాధ్యత ఉంటుందా అన్నదే ప్రశ్న.

మనం సాధారణంగా ఎలా ఆలోచిస్తాం? ముందు దోషి ఎవరో తేలాలి, తర్వాత అతడు పరిహారం చెల్లించాలి. దోషి తేలకపోతే ఎవరికీ ఏ బాధ్యతా లేదు. పంచాయితీలకు ఈ పద్ధతి సరిపోతుంది. శిక్ష వేయాలంటే రుజువు కావలసిందే. కానీ ఇరుగుపొరుగు బతుకంతా ఈ ఒక్క సూత్రం మీద నడవదు. పక్కింటి పిల్లవాడు మెట్లమీద జారిపడితే, వాణ్ణి తోసింది నేను కాదని తేలేదాకా ఆగి, అప్పుడు ఎత్తుకుంటామా?

గురు విద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, 13వ శతాబ్దానికి చెందిన పునీత తోమాసు అక్వినాసు ఆస్తిని గురించి చేసిన విచారణను మేము పరీక్షల కోసం వల్లెవేశాం. ఆయన ఆస్తిహక్కును కాదనలేదు. ఎవరి వస్తువును వారు చూసుకుంటేనే అది బాగుంటుంది, తగాదాలు తగ్గుతాయి అన్నాడు. అయితే చూసుకునే హక్కు వేరు, వాడుకునే తీరు వేరు అన్నాడు. వాడుక దగ్గరికి వచ్చేసరికి, తన వస్తువును అందరిదీ అనుకొని, అవసరంలో ఉన్నవారికి ఇచ్చేందుకు సిద్ధంగా ఉండాలని ఆయన అభిప్రాయం. తర్వాత 17వ శతాబ్దంలో ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ వ్యక్తిగత ఆస్తిని గట్టిగా సమర్థించాడు. ఆయన కూడా ఒక షరతు పెట్టాడు. మనం తీసుకున్న తర్వాత ఇతరులకు అంతే మంచిది, చాలినంత మిగలాలి. పరీక్షలో ఈ రెంటికీ నాకు మంచి మార్కులే వచ్చాయి. ముప్పై ఏళ్లకు పైగా గడిచాక, చేతిలో నీళ్ల పైపుతో గోడ పక్కన నిలబడినప్పుడు గానీ అవి అర్థం కాలేదు.

గమనించండి. ఈ ఇద్దరిలో ఎవరూ "నువ్వు తప్పు చేశావు కాబట్టి ఇవ్వు" అనడం లేదు. నీ దగ్గర ఉంది, అతనికి అవసరం ఉంది. బాధ్యతకు అది చాలు. ఎవరిది దోషం అనే ప్రశ్న కంటే ఎవరికి దాహం అనే ప్రశ్న ముందుది.

మరి ఇంత సులువైన విషయం మనకెందుకు తోచదు? మనం చెడ్డవాళ్లం కాబట్టా? నేను అలా అనుకోను. 2009 అక్టోబరు 2 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం నీట మునిగింది. ఆ రాత్రి మేడ ఉన్నవాళ్లు మేడ లేనివాళ్లను పైకి పిలిచారు. ఏ కులం, ఏ మతం, గత నెలలో ఎవరితో మాట పట్టింపు వచ్చింది అని ఎవరూ అడగలేదు. ఉన్న బియ్యంతోనే అందరికీ గంజి కాచిపోశారు. కడపలోనూ అంతే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే బుగ్గవంక 2020 నవంబరులో నివర్ తుఫాను వానలకు వీధుల్లోకి వచ్చినప్పుడు ఇరుగుపొరుగే ఒకరికొకరు చేయి అందించుకున్నారు.

ఇదే మనుషులు ఏప్రిల్ వచ్చేసరికి బిందె దగ్గర పోట్లాడుకుంటారు. నీళ్లు ఎక్కువైనప్పుడు మంచివాళ్లమైన మనం, నీళ్లు తక్కువైనప్పుడు ఎందుకిలా మారుతున్నాం?

నాకు తోచిన కారణం ఒకటుంది. వరద అందరి ఇంటికీ ఒకే రాత్రి వస్తుంది, అందరి కంటికీ కనబడుతుంది. కరువు ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వస్తుంది. ఈ నెల ఆ ఇంటి బావి, వచ్చే నెల ఈ ఇంటి బోరు. అందుకే దాన్ని ఊరి కష్టం అనుకోము. "పాపం, వాళ్ల బోరు ఎండిపోయిందంట" అంటాము. ఎవరి అదృష్టం వారిది అన్నట్టు మాట్లాడుకుంటాము.

దీనికి తోడు బోరు వచ్చింది. పాతకాలం చేదబావిలో నీరు తగ్గితే తాడు పొడవు పెంచాలి. గిలక ఎక్కువసేపు కిర్రుమంటుంది, చేతులు నొప్పిపెడతాయి. బావి తన సంగతి తానే చెప్పేది. పొరుగువారు అదే బావి దగ్గరికి వచ్చేవారు కాబట్టి వారికీ తెలిసేది. ఆ బావుల దగ్గరికి అందరినీ రానిచ్చేవారని నేను చెప్పను. ఎవరు తోడాలి, ఎవరు దూరంగా నిలబడి పోయించుకోవాలి అనే అన్యాయం ఆ గట్టుమీదే నడిచింది. మన సంఘాల్లోని పెద్దలు దాన్ని చవిచూశారు. కానీ నీటిమట్టం మాత్రం అందరి కంటికీ కనిపించేది. బోరుకు మూత ఉంటుంది. స్విచ్చి వేస్తే నీళ్లు వస్తాయి. వచ్చినన్నాళ్లూ వస్తాయి, ఒకరోజు గాలి వస్తుంది. ఆ మధ్యలో ఏం జరిగిందో నీళ్లు తోడినవాడికి కూడా తెలియదు.

కనబడనిదాన్ని కనబడేలా చేయవచ్చని మన జిల్లాల రైతులే చూపించారు. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. కర్నూలు, కడప అందులో ఉన్నాయి. రైతులే పల్లెలో వానను కొలిచారు. కొన్ని బోర్లలోకి కొలతతీగ దింపి నీటిమట్టం చూశారు. ఆ అంకెలు అందరికీ కనిపించేలా రాసి పెట్టారు. రబీ పైరు వేసేముందు కూర్చొని, నేలలో ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పోతుంది అని లెక్క వేసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసిన తర్వాత చాలామంది తమంతట తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటల వైపు మళ్లారు. కింద ఉన్నది ఒకటే పాత్ర అని కళ్లతో చూశాక మనిషి తీరు కొంత మారుతుందన్నమాట.

ఇక నా సంగతి. పచ్చగడ్డి తీసేశాం. వెనక గోడకు రంధ్రం చేసి అవతల ఒక కొళాయి పెట్టాం. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట. సంఘ పెద్దల్లో కొందరు "కరెంటు బిల్లు ఎవరు కడతారు ఫాదర్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పండుగ అలంకరణ ఖర్చు తగ్గించుకున్నాం. ఇంకొకాయన "ఇలా అందరికీ ఇస్తూ పోతే మన బోరు కూడా ఎండుతుంది, అప్పుడు ఇద్దరికీ ఉండవు" అన్నాడు. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేకపోయింది. దయ ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి.

ఆ లెక్క మేమూ వేశాం. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. వంద చదరపు మీటర్ల మేడమీద పడే వాన అరవై వేల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే నాలుగు వేల బిందెలు. అందులో కొంత ఎండకు ఆవిరైనా, మిగిలినదంతా మా దేవాలయం పైకప్పు నుంచి నేరుగా మురుగుకాలువలోకి పోతుండేది. ఇప్పుడు ఇంకుడు గుంతలోకి పోతోంది. అక్కడి నుంచి అది మా బోరులోకే వస్తుందని నమ్మకం లేదు. ఏ నెర్రె పట్టుకొని ఎవరి ఇంటి కిందికి పోతుందో తెలియదు. మేము తోడిన నీరు ఎవరి గోడ కింద నుంచి వచ్చిందో తెలియనట్టే, మేము ఇంకించినది ఎవరికి చేరుతుందో కూడా తెలియనక్కరలేదు.

పాత నిబంధనలో ఇస్సాకు బావుల కథ మీకు తెలుసు. ఆయన మనుషులు బావి తవ్వితే ఆ లోయ కాపరులు నీరు మాదని కలహించారు. ఇంకొకటి తవ్వితే దానికీ తగాదా. మూడోది తవ్వేసరికి ఎవరూ అడ్డురాలేదు. ఆ బావికి విశాలత అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇస్సాకు ముందుకు జరిగిపోవడానికి వేరే చోటు ఉంది. మన వీధుల్లో ఇళ్లకు గోడలు ఆని ఉన్నాయి. మనం జరిగే చోటు లేదు, ఉన్నచోటే ఒకరికొకరం చోటివ్వాలి.

అవ్వ బావిలోకి ఆ తర్వాత మంచి వానలు పడిన ఏడు కొద్దిగా నీరు వచ్చింది. మళ్లీ వేసవికి పోయింది. కథ సుఖాంతమైందని నేను చెప్పలేను. కానీ ఒకరోజు గోడ అవతలికి చూస్తే, ఆమె వాకిట్లోనూ ఒక మల్లెచెట్టు ఉంది. అన్నేళ్లుగా నేను గమనించనే లేదు. కొళాయి నీళ్లు ముందు వంటకు, తర్వాత బియ్యం కడగడానికి. ఆ కడుగునీళ్లు మల్లెచెట్టుకు. నా తోటంతటికీ లేని నిండుతనం ఆ ఒక్క చెట్టుకు ఉంది.

ఆ అబ్బాయి ప్రశ్నకు ఇప్పుడైతే ఇలా చెబుతాను: నాయనా, మల్లెచెట్టు పెంచడం తప్పు కాదు. దాని పాదులో పోసే నీళ్లు అంతకుముందు ఎవరి దాహం తీర్చి వచ్చాయో తెలుసుకోకుండా పోయడమే తప్పు.

పాఠకులారా, ఈ వారం ఒక పని చేయండి. మీ మోటారు స్విచ్చి వేసేముందు ఒకసారి గోడ అవతలికి చూడండి. పొరుగింటివారిని పలకరించి, వాళ్ల బావిలో, బోరులో నీళ్లు ఎలా ఉన్నాయో అడగండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.