కలరా ఉండ, కుమ్మరి గాడిద

మా మేనత్త కొడుకు తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో బండి మీద చీరలు అమ్ముతాడు. కార్బురేటరు కాలం నాటి 100 సీసీ బండి. పెట్రోలు పోయించినప్పుడల్లా ట్యాంకులో రెండు కలరా ఉండలు వేస్తాడు. లీటరుకు 50 ఇచ్చే బండి 58 ఇస్తోందంటాడు. లీటరు 110 రూపాయలకు దగ్గరగా ఉన్న రోజుల్లో ఆ ఎనిమిది కిలోమీటర్లు అతనికి ఒక పూట కూర ఖర్చు. ఆ ఉండ వల్ల ఏమీ రాదని నా నమ్మకం. అయితే అతను అబద్ధం చెప్పే మనిషి కాడు, లెక్క రానివాడూ కాడు. అలాంటివాడు ఎందుకు నమ్ముతున్నాడో తేల్చుకోకుండా కాదు పొమ్మంటే అది వాదం అనిపించుకోదు.

"ముందు లెక్క చూద్దాం బావా," అన్నాను. "ఒక్కో ఉండ 4 గ్రాములు అనుకో, రెండూ కలిసి 8. నాఫ్తలీను గ్రాముకు 40 కిలోజౌళ్ల వేడినిస్తుంది, అంటే 320. లీటరు పెట్రోలులో సుమారు 32,000 ఉంటాయి. నీ రెండు ఉండలూ కలిసి 10 మిల్లీలీటర్ల పెట్రోలుకు సమానం. దాంతో నీ బండి అర కిలోమీటరు పోతుంది. నువ్వు చెప్పే మైలేజీ నిజమైతే, ఒకసారికి పోయించే 5 లీటర్ల మీద 40 కిలోమీటర్లు అదనంగా రావాలి."

"వేడి కోసం వేస్తున్నానని నేనెప్పుడన్నాను? ఉన్న పెట్రోలు పూర్తిగా మండటానికి వేస్తున్నా. సగం పెట్రోలు మండకుండానే సైలెన్సర్లోంచి పోతుందని మా మెకానిక్కు కూడా అన్నాడు."

ఈ మాట ఊళ్లో ప్రతి మెకానిక్ షెడ్డులోనూ వినిపిస్తుంది. ఇంట్లో తయారుచేసుకునే మందులన్నీ దీని మీదే నిలబడ్డాయి, కలరా ఉండలైనా, గోళ్లరంగు తుడిచే అసిటోనైనా.

"సగం అలా పోతే నీ వెనక వచ్చేవాళ్లకు కళ్లు మండిపోతాయి, ప్లగ్గు రోజూ మసిబారిపోతుంది. ట్యూనింగు సరిగా ఉన్న ఇంజిన్లో నూటికి 95 పాళ్లకు పైనే మండుతుంది, కొత్త ఇంజెక్షన్ బళ్లలో ఇంకా ఎక్కువ. మండకుండా పోయేదంతా ఒడిసిపట్టినా నీకు దక్కేది ఆ నాలుగైదు పాళ్లే. నువ్వడిగేది 16. ఇంజిన్లో పోయేది పెట్రోలు కాదు బావా, వేడి. పుట్టిన శక్తిలో చక్రానికి చేరేది పావు వంతుకు అటూ ఇటూ. మిగతాది సైలెన్సర్లోంచీ సిలిండరు రెక్కల మీంచీ గాలిలో కలుస్తుంది. అది ఆపాలంటే ఇంజిన్ కట్టుబడే మారాలి. ట్యాంకులో ఏం వేసినా ఆ దారి మూసుకోదు."

"అయితే కలిపితే పనిచేసిన మందు లోకంలో ఒక్కటీ లేదంటావా?"

ఉంది, దాని కథ అతనికి చెప్పాను. 1921 చివర్లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసం కలిపి చూశాడు. ఇంజిన్ టకటకమని కొట్టుకోవడం ఆగిపోయింది. దాంతో ఇంజిన్లను ఎక్కువ కంప్రెషన్‌తో కట్టే వీలు చిక్కింది, ఉన్న పెట్రోలు నుంచి ఎక్కువ పని రాబట్టారు. అందులో మోసం లేదు. కానీ 1924 నాటికే న్యూజెర్సీ కర్మాగారంలో ఆ సీసం ఆవిరికి కార్మికులు మతి చలించి చనిపోయారు. అయినా ఆపలేదు. మన దేశంలో 2000లో ఆపారు, చిట్టచివరగా అల్జీరియాలో 2021లో. ఒక శతాబ్దం పాటు పిల్లల రక్తంలోకి సీసం ఎక్కించిన మందు అది. పనిచేసింది కాబట్టే అంతకాలం బతికింది. ఒక మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయేవాళ్లంటే నాకు భయం అందుకే.

"నీ బండి కంప్రెషన్ ఫ్యాక్టరీలో బిగించిందే," అన్నాను. "బంకులో పోసే పెట్రోలు ఆక్టేన్ 91కి తక్కువ ఉండదు. అంతకన్నా నీ బండికి అక్కర్లేదు."

"కంపెనీలే తొక్కిపెట్టాయేమో. మైలేజీ పెరిగితే పెట్రోలు ఎవరు కొంటారు?"

"బళ్ల కంపెనీలు మైలేజీ చెప్పుకునే కదా బతికేది! 1985లో సీడీ 100 వచ్చింది మొదలు మన జనం బండి కొనేముందు అడిగే మొదటి ప్రశ్న అదే. రెండు రూపాయల ఉండతో ఆరో వంతు మైలేజీ పెరిగితే ట్యాంకు మూత మీదే ముద్ర వేసి అమ్ముకునేవాళ్లు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి పరికరాలూ మందులూ వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ కనబడలేదు."

"మరి ఆకుల నుంచి పెట్రోలు తీసినాయన్ని జైల్లో పెట్టలేదా?"

అక్కడి నుంచి మాట రామర్ పిళ్లై మీదికి మళ్లింది. 1996లో తమిళనాడులో ఆయన నీళ్లలో ఆకులూ వేర్లూ ఉడికించి పెట్రోలు చేస్తున్నానంటే దేశమంతా నోరు తెరుచుకుని చూసింది. ఆ ద్రవంతో బండి నడిచింది కూడా. తరవాత పరీక్షిస్తే అందులో ఉన్నవి పెట్రోలియం నుంచి తీసిన రసాయనాలే. సీబీఐ కేసు నడిచి 2016లో చెన్నై కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. అప్పట్లో నమ్మినవాళ్లను వెక్కిరించడం నాకిష్టం లేదు. పెట్టుబడి లేని పల్లెటూరి మనిషి వంటపాత్రలో ఇంధనం తీశాడంటే, విదేశాల నుంచి చమురు కొనుక్కునే దేశం సంతోషించక ఏం చేస్తుంది? ఆ ఆశ మంచిదే. అది నిజమో కాదో చూసే ఓపిక దానికి తోడు లేకపోవడమే నన్ను బాధపెట్టేది.

బావ ఆ కథ అడ్డుపెట్టుకోలేదు. అసలు మాటకొచ్చాడు. "ఆయన సంగతి వదిలెయ్. నేను కళ్లారా చూశాను. నా కళ్లు అబద్ధమా?"

"కాదు. 58 వచ్చింది, నువ్వు చూశావు. ఉండ వల్ల వచ్చిందన్నది మాత్రం నువ్వు చూడలేదు, జోడించావు."

"వేశాను, పెరిగింది. జోడించక?"

"న్యాయశాస్త్రంలో కుమ్మరి గాడిద గురించి చెబుతారు. కుండ తయారవడానికి ముందు ఆ గాడిద అక్కడే ఉంది, మట్టి మోసింది అదే. అయినా కుండకు కారణం గాడిద అనరు."

"అది మొయ్యకపోతే మట్టి ఎక్కణ్ణుంచి వచ్చేది?"

"కావిడితో తెచ్చినా, నెత్తిన మోసినా కుండ అదే అయ్యేది. అది లేకపోయినా కార్యం జరుగుతుంది కాబట్టే దాన్ని కారణాల్లోంచి తీసేశారు. ఉన్నచోట ఉండటం అన్వయం, లేనిచోట లేకపోవడం వ్యతిరేకం. నీ దగ్గర మొదటిదే ఉంది. ఉండ మానేసి, మిగతావన్నీ అలాగే ఉంచి ఎప్పుడైనా చూశావా?"

అతను కాసేపు మాట్లాడలేదు. "లేదు. మానేస్తే నష్టం కదా."

"మొదటిసారి ఎప్పుడు వేశావు?"

"వానల్లో. 44కి పడిపోయింది. అప్పుడే ఎవరో చెప్పారు."

"అదే వారం బండికి ఇంకేం చేశావు?"

"ఎయిర్ ఫిల్టరు దులిపించా. చైను బిగించి ఆయిలు పెట్టించా. అవి ఎప్పుడూ చేసేవేగా."

మందు వెతుక్కునేది మైలేజీ అడుగుకు పోయినప్పుడే. అడుగుకు పోయిన అంకె ఏమీ చేయకపోయినా కొంత పైకొస్తుంది, వానలు వెనకపట్టాక, రోడ్లు ఆరాక. దానికితోడు, మందు వేసిన రోజు నుంచీ మనిషి లెక్క చూసుకుంటాడు. లెక్క చూసుకునేవాడు యాక్సిలరేటరు ఒడుపుగా తిప్పుతాడు, గేటు పడితే ఇంజిన్ ఆపేస్తాడు. ఆ పొదుపు పుణ్యమంతా ఉండ ఖాతాలో పడుతుంది. ఈ మాటలు అతనికి చెబితే కోపమొచ్చింది.

"ప్రభుత్వం 20 పాళ్లు ఇథనాల్ కలిపి మైలేజీ తగ్గిస్తే మాట్లాడేవాడు లేడు. నేను రెండు ఉండలేస్తే శాస్త్రం చెబుతారు."

అతని కోపం న్యాయమైంది. ఇథనాల్లో వేడి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ. పాత డిజైను ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే రాసింది. బంకులో వేరే పెట్రోలు ఎంచుకునే వీల్లేని మనిషికి ఆ సంగతి ఎవరూ ఎదురుగా చెప్పలేదు. "ఒప్పుకున్నాను. అయితే ఆ తగ్గుదల నీ పుస్తకంలో కనబడిందా?" అన్నాను. చీరల బాకీల పుస్తకంలోనే వెనకనుంచి పెట్రోలు లెక్క రాస్తాడతను.

పేజీలు తిరగేశాడు. "పెద్దగా తెలీట్లేదు. ఒక నెల 47, ఒక నెల 56. మూటల బరువును బట్టి, ఊళ్లను బట్టి మారుతుంది."

"ఉండలు మానకుండానే తొమ్మిది కిలోమీటర్లు అటూ ఇటూ ఊగే పుస్తకం, ఉండ తెచ్చిన ఎనిమిది ఎలా చూపిస్తుంది బావా?"

అతను పుస్తకం మూయలేదు, ఒప్పుకోనూ లేదు. "అయితే పరీక్షే పెట్టు. నాకేం భయం?"

పద్ధతి చెప్పాను. టైర్లలో గాలి వారం వారం ఒకే కొలత. పెట్రోలు ఒకే బంకులో. ఏ వారం ఉండలు కలపాలో, ఏ వారం మానాలో అతని భార్య చీటీ తీసి నిర్ణయిస్తుంది. తన పుస్తకంలో రాసుకుంటుంది, అతనికి చెప్పదు.

"మూత తీస్తే వాసన రాదూ? నాకు తెలిసిపోతుంది."

నేనది ఆలోచించలేదు. సీటు కింద రెండు ఉండలు గుడ్డలో కట్టి అన్ని వారాలూ ఉంచితే వాసన ఎప్పుడూ ఒకటేనన్నాను. అందుకు సరేనన్నాడు. అంతకన్నా ముందు కార్బురేటరు విప్పించి జెట్టు కడిగించమన్నాను. గిన్నెలో పెట్రోలు ఆవిరైనచోట నాఫ్తలీను మళ్లీ పలుకులు కట్టి జెట్టుకు అడ్డం పడుతుంది. పైగా ఇప్పుడు బజార్లో దొరికే ఉండల్లో చాలావాటిలో నాఫ్తలీను బదులు క్లోరిన్ ఉన్న రసాయనం ఉంటుంది. అది మండితే ఆమ్లమే. ఈసారి పొట్లం మీద పేరు చదివి కొంటానన్నాడు.

"రేపే మొదలుపెడదామా?"

"రేపొద్దు," అన్నాడు బావ. "దసరా దాకా మూటలు రెండింతలుంటాయి, ఆ తరవాత సగమవుతాయి. ఆ తేడా నువ్వు ఉండ ఖాతాలో రాసేస్తావు. కార్తీకం వెళ్లాక, బరువు ఒక తీరుకొచ్చాక పెట్టు."