బొంతను చూసి ఏం చెప్పగలం?

అమ్మమ్మ చేత్తో కుట్టిన బొంత కనబడగానే ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: ఎంత ప్రేమ! ఆ మాటతోనే నాకు పేచీ. బొంతను చూసి ప్రేమ ఉందని ఎలా చెప్పగలం? ముందు అది అవసరంలోంచి పుట్టిన వస్తువు. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో ఉన్ని దుప్పటి అల్లవలసిన అవసరం ఎవరికీ రాలేదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లలో ఉన్నితో ఏం పని? చలనేది ఉంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తెచ్చే ముసురులోనే. పురుడు తీరేదాకా పసిబిడ్డకు కొత్త బట్ట తగలనివ్వని ఇళ్లలో, ఆ తేమకు పాత నూలు చీరల బొంతే దిక్కు.

చిరిగినవన్నీ పోగేసి దారం తిప్పితే బొంత అయిపోదు. చీర ఎన్ని ఉతుకులు తింటే అంత పనికొస్తుంది. గంజి వదిలి, పోగు నలిగి, తడి పీల్చుకునే స్థితికి రావాలి. పాలిస్టర్ చీర ఎంత పాతదైనా తడి పీల్చదు కనక లెక్కలోకి రాదు. వెంకటగిరి చీరైతే ముందు జరీ అంచు చింపెయ్యాలి, లేకపోతే బిడ్డ ఒంటికి గీసుకుంటుంది. పొరలు ముడత పడకుండా చాప మీద పరిచి, జారకుండా ముందు పొడుగు కుట్లు వేసుకుని, ఆ తరవాత వరసలు కుట్టుకురావాలి. దారం బిగిస్తే బొంత ముడుచుకుంటుంది. వదులైతే నాలుగు ఉతుకులకే లోపలి పొరలు ఉండ కడతాయి. వీపుకు ఒత్తుకోకుండా ముడి పొరల మధ్యకు పోవాలి. ఇవన్నీ తెలిసిన చెయ్యి విసుక్కుంటూ కుట్టినా బొంత మెత్తగానే ఉంటుంది. తెలియని చెయ్యి ఎంత మమకారంతో కుట్టినా ఉండ కట్టక మానదు. మరి కుట్టు దేనికి సాక్ష్యం? పనితనానికీ, పట్టిన పొద్దుకీ. అంతకు మించి అది చెప్పలేదు.

ప్రేమే లేకపోతే అన్ని పొద్దులు ఎవరు కూర్చుంటారని అడగవచ్చు. కూర్చోక తప్పనివాళ్లు కూర్చుంటారు. కుట్టననే వీలు అమ్మమ్మకు ఎప్పుడైనా ఉందా? నరసాపురం ప్రాంతంలో క్రోషే లేసు అల్లే ఆడవాళ్ల మీద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవాళ్లను ఇల్లాళ్లుగా, అల్లికను తీరిక వేళల కాలక్షేపంగా చూడడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె వాదన. లేసు అంగడి సరుకు, బొంతకు బేరమే లేదు కదా అంటే నిజమే. కానీ రెండు చోట్లా మాయమయ్యేది పనే. అక్కడ తీరిక అన్న మాట కప్పేసింది, ఇక్కడ ప్రేమ అన్న మాట కప్పేస్తోంది.

అయితే అమ్మమ్మకు కూలి కట్టివ్వాలా? రాస్తుంటేనే ఈ మాట చేదుగా ఉంది. ఎందుకు చేదో మాత్రం నాకు తెగడం లేదు. పురుడు పోసినందుకు మంత్రసానికి చీరా బియ్యమూ ముట్టజెప్పేవారు. అంతమాత్రాన ఆమె చేతిలో ఆప్యాయత లేదని ఎవరూ అనలేదు. డబ్బు తగిలితే ప్రేమ చెడుతుందన్న నమ్మకం బొంత దగ్గరికి వచ్చేసరికే ఎందుకంత గట్టిపడుతుందో! బహుశా తేల్చవలసింది కూలి సంగతి కాదేమో. ప్రేమ లెక్క అమ్మమ్మకూ ఆ బిడ్డకూ వదిలేసి, మనం బొంత తిరగేసి కుట్టు చూడడం, ఏ కుట్టు ఎందుకు వేసిందో అడిగి తెలుసుకోవడం న్యాయం. ఆ పైన ఒక పరీక్ష ఉంది. ఎంత ప్రేమ అని మెచ్చుకున్న ఇల్లు, రెండో కాన్పుకు ఆమె ‘ఈసారి నా వల్ల కాదమ్మా’ అంటే ప్రేమ తగ్గిందనకుండా ఊరుకోగలదా? ఊరుకోలేని ఇంట్లో ఆ మెచ్చుకోలు సగం అజమాయిషీయే.