సంశయమూ అహింసా: ఇంట్లో కనిపించిన పామును గురించి

మసక వెలుతురులో నేలపై పడివున్న తాడును పామనుకొని భయపడినవాడు, దీపం తెచ్చి చూడగానే అది తాడేనని గుర్తిస్తాడు. ఆ గుర్తింపుతోనే భయమూ తొలగుతుంది. రజ్జుసర్ప దృష్టాంతంగా ప్రసిద్ధమైన ఈ ఉదాహరణను గౌడపాదుడు మాండూక్యకారికల రెండవ ప్రకరణంలో, ఆత్మస్వరూపం తెలియక కలిగే కల్పనలను వివరించడానికి వాడాడు. ఒక వస్తువుపై మరొక వస్తువును ఇలా ఆరోపించడాన్ని అద్వైతులు అధ్యాస అంటారు. అయితే దీపం తెచ్చి చూసిన తరువాత కూడా ఎదుట ఉన్నది పామే అయినప్పుడు, అది ఏ పామో తెలియనప్పుడు, మనిషి ధర్మమేమిటన్నది ఈ దృష్టాంతం తాకని ప్రశ్న. వానాకాలపు రాత్రి వంటింటి మూలలో పామును చూసిన గృహస్థునికి ఎదురయ్యేది ఈ ప్రశ్నే.

దీనికి న్యాయదర్శనం కొంత దారి చూపుతుంది. ఒకదానిని మరొకటిగా నిశ్చయించుకోవడం విపర్యయం. రెండు పక్షాల మధ్య నిశ్చయం కుదరక బుద్ధి ఊగిసలాడడం సంశయం. రెండింటికీ ఉమ్మడిగా ఉండే సమానధర్మం కనిపించి, ఒక్కదానికే చెందే విశేషధర్మం కనిపించనప్పుడు సంశయం పుడుతుందని నైయాయికులు చెబుతారు. ముదురు రంగు ఒంటిపై తెల్లని పట్టీలు ప్రాణాంతకమైన కట్లపాముకూ, మనుషులకు హాని చేయగల విషం లేని వుల్ఫ్ స్నేక్‌కూ సమానధర్మం. కట్లపాము పట్టీలు సాధారణంగా మెడ దగ్గర అస్పష్టంగా ఉండి తోక వైపు స్ఫుటమవుతాయి, దాని వెన్ను మీదుగా పెద్ద షట్కోణాకారపు పొలుసుల వరుస ఉంటుంది. రెండవదానికి ఆ వరుస ఉండదు, పట్టీలు తల వైపు స్పష్టంగా ఉండి తోక వైపు మాసిపోతాయి. ఈ విశేషధర్మాలు తెలిసినవారికి కూడా, చీకటిలో కదిలే పాముపై వాటిని నిర్ధారించుకోవాలంటే దగ్గరికి వెళ్లక తప్పదు. నిశ్చయం కోసం ప్రాణాన్ని పణంగా పెట్టవలసిన ఇటువంటి చోట ప్రత్యక్షప్రమాణాన్ని వదలి శబ్దప్రమాణాన్ని, అంటే ఆప్తుని మాటను, ఆశ్రయించడమే వివేకం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదానిని ఉన్నట్టుగా చెప్పగోరేవాడు ఆప్తుడని నిర్వచించిన వాత్స్యాయనుడు, ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనన్నాడు. కనుక పాములను పట్టి అడవిలో వదలడంలో శిక్షణ పొందిన మనిషి, ఏ కులంవాడైనా ఏమి చదివినా, ఈ విషయంలో ఆప్తుడే. అతడు వచ్చేవరకు పిల్లలను దూరంగా ఉంచి, పాము ఎటు వెళుతున్నదో ఎడంగా నిలిచి కనిపెట్టి ఉండడమే గృహస్థుని పని.

ఆగకుండా కర్ర ఎత్తితే ఏమవుతుందో మహాభారతం ఆదిపర్వంలోని రురుని కథ చెబుతుంది. పాము కాటుతో మరణించిన ప్రమద్వరను తన ఆయువులో సగమిచ్చి బ్రతికించుకున్న రురుడు, ఆ కోపంతో కనబడిన ప్రతి పామునూ చంపుతూ, ఒకనాడు విషంలేని జాతికి చెందిన డుండుభంపై కర్ర ఎత్తాడు. ఇతర సర్పాలకు వచ్చే ఆపదలలో తమకు భాగమున్నది కాని వాటి సుఖాలలో లేదని, ధర్మం తెలిసినవాడు తమను హింసించరాదని ఆ డుండుభం వేడుకున్నది. రూపసామ్యం ఒక్కటే అపరాధమైన ప్రాణి పలికిన మాట ఇది. ఆ డుండుభం పూర్వం సహస్రపాత్తు అనే ఋషి; అగ్నిహోత్రంలో ఉన్న మిత్రుడు ఖగముణ్ణి గడ్డితో చేసిన పాముతో బెదిరించి, అటువంటి శక్తిహీనమైన పామువే కమ్మని శాపం పొందాడు. లేని పాముతో ఒకరికి భయం పుట్టించినవాడు, లేని విషానికి మరొకరి కోపం పాలయ్యాడు. శాపం తీరిన తరువాత అతడు రురునికి ఉపదేశించినది, అహింస పరమధర్మమని.

అహింస అంటే ప్రమాదాన్ని కాదనడం కాదు. పాము నాగుపామో జెర్రిపోతో తెలియనప్పుడు చంపే అధికారం ఎలా లేదో, ఇది విషంలేనిదేలెమ్మని చేయి చాపే అధికారమూ అలాగే లేదు. హడావిడిగా కొట్టబోవడమూ కాటుకు దారితీయవచ్చు. కాటు పడితే పాము జాతిని తేల్చే ప్రయత్నంలో ఒక్క నిమిషమూ పోగొట్టక ఆసుపత్రికి చేర్చాలి. మన దేశంలో వాడే ప్రతివిషం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అనే నాలుగింటి విషానికీ కలిపి తయారుచేసినది.

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేయి, గడప లోపలికి వచ్చిన పాముపై కర్ర ఎత్తడం తెలుగు ఇళ్లలో అరుదు కాదు. భయపడినందుకు ఆ చేతిని నిందించనక్కరలేదు, ఎందుకంటే ఆ భయానికి నిజమైన కారణమే ఉన్నది. రజ్జుసర్ప దృష్టాంతం భయానికి ఆధారం లేదని చూపి ఊరడిస్తుంది. డుండుభం కథ, ఆధారమున్న భయం కూడా హింసకు ప్రమాణం కాజాలదని నేర్పుతుంది. తెలియదన్న ఎరుకతో నాలుగడుగులు వెనక్కి వేసిన గృహస్థుడు తన ప్రాణాన్నీ పాము ప్రాణాన్నీ ఒకేసారి కాపాడినవాడవుతాడు.