అతిథి చేతిలోని గ్లాసు

అతిథికి మొదట నీరిచ్చుట తెలుగునాట ఆచారము. కాళ్ళు కడుగుకొనుటకు చెంబుతో నీరు, త్రాగుటకు మంచినీరు, ఎండవేళయైన చల్లని మజ్జిగ; ఆ పిమ్మటనే కుశలప్రశ్న. వచ్చినవాడు ఏమి త్రాగునో, ఏమి త్రాగడో అడుగవలసిన పని గృహస్థునకు కలిగెడిది కాదు. నేడు కలిగినది. తెనాలి కల్యాణమండపముల వెనుకను, బాపట్ల ప్రక్కనున్న సూర్యలంక తీరపు విడిదులలోను నలుగురు స్నేహితులు కూడినచోట ఆ ప్రశ్న వినవచ్చును. దాని వెంటనే మరొకటి: "త్రాగవా? ఎందుచేత?"

ఈ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పలేక త్రాగినవారెందరో! మద్యము లేని పానీయములు విందులలో ఆదరణ పొందుటకు ఇదియు ఒక ముఖ్యకారణమనవలెను. పుదీనా, నిమ్మరసము, సోడా కలిపి పొడవాటి గ్లాసులో పోసి మాక్‌టెయిల్ అను పేర ఇచ్చుచున్నారు. మద్యము తీసివేసిన బీరు సీసాలును వచ్చినవి. బార్లీతో బీరును యథావిధిగా పులియబెట్టి, పిదప అందలి మద్యసారమును వేరుచేయుట ఒక పద్ధతి. పులియుట ముదురక మునుపే ఆపుట ఇంకొకటి. మన దేశపు ఆహారప్రమాణముల ప్రకారము నూటికి 0.5 పాలు మించి మద్యసారమున్నదే మద్యపానీయము. కావున సున్న అని స్పష్టముగా వ్రాయని సీసాలో లేశమాత్రము ఉండుటకు వీలున్నది. వ్రతముగా మానినవారు సీసాపై చీటి చదివి పుచ్చుకొనుట మేలు.

శరణుల ఇండ్లలో పెద్దలు కొందరు దీనిని మెచ్చరు. త్రాగనివాడు త్రాగువాని వేషమేల వేయవలెనని వారి ఆక్షేపణ. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రక్కనున్న బాలుడు చూచునది గ్లాసును. అందలి రసము వానికి తెలియదు. రేపు వాని చేతికి అట్టి గ్లాసే వచ్చును, రసము మారియుండును.

అయినను వేరొక మనుష్యుని తలపవలెను. పదేండ్లు త్రాగి, ఇల్లాలి కన్నీటికి కరగి, ఆరు నెలలుగా మానినవాడొకడు బావమరిది పెండ్లికి రేపల్లె వచ్చెననుకొనుడు. "ఈ ఒక్కరోజుకు ఏమీ కాదు బావా" అని ఒకడు, "మామీద గౌరవము లేదా" అని వేరొకడు. మానితినని చెప్పుకొనిన, ఇన్నాళ్ళు త్రాగితినని పదిమందిలో చెప్పుకొన్నట్లే. అతని చేతిలో అప్పటికే నిమ్మరసపు గ్లాసున్నచో ఎవ్వరును అడుగరు. దానిని వేషమనుటకు నోరు రాదు. అది అతనికి గొడుగు.

గొడుగు అవసరమగునట్టి విందు చేసిన గృహస్థు సంగతి వేరు. బసవేశ్వరుడు నేర్పిన దాసోహమున ఇచ్చువాడు పుచ్చుకొనువానికి దాసుడు. దాసుడు బలవంతపెట్టునా? కారణమడుగునా? త్రాగువారికి ప్రత్యేకముగా బల్లలు, దీపాలంకారము, వడ్డించువారు. త్రాగనివారికి మూలనొక నీళ్ళ డబ్బా! ఇట్టి పంక్తిభేదము చేసిన ఇంట ఎన్ని వంటకములున్నను దాసోహము లేదు. భేదములను కూల్చుటకే గదా కల్యాణమున అంత పోరు జరిగినది.

ఈ భారమును శాసనముపై వేసిన చాలదు. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1993లో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో తొలగెను. నిషేధమున్నప్పుడును చాటుగా త్రాగినవారు త్రాగిరి. తొలగిన పిమ్మటను త్రాగని ఇండ్లు త్రాగకయే యుండెను.

ఇక గొడుగుగా గాక తనంతట గౌరవము గల పానీయమేది? ఈ సీమలో వానికి కొరత లేదు. శ్రీరామనవమికి మిరియాలు, ఏలకులు వేసి కలుపు బెల్లపు పానకము దేనికిని అనుకరణము కాదు. గోళీసోడా సీసాను 1872లో కల్పించినవాడు హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడైనను, దానిని టప్పున కొట్టి త్రాగుట తెలుగువారి సొంతమైనది. సుగంధిపాల షర్బత్తు, నిమ్మసోడా ఉండనే యున్నవి. కొత్త మాక్‌టెయిలులలో పంచదారపాకము మితిమీరి పోయుదురు. మధుమేహము గల మామగారికి అది మన్నన కాదు, శిక్ష. అల్లము, కరివేపాకు దంచి వేసిన పలుచని మజ్జిగ అందరికిని సరిపడును.

ఒక్క పానీయము విషయమున మాత్రము సంకోచము కలదు. బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తాటిచెట్లు విస్తారము. కల్లు దిగు చెట్టునుండియే నీరాయును దిగును. లోపల సున్నము పూసిన శుభ్రమైన కుండలో పట్టి, తెల్లవారకమునుపే దింపిన తీయని రసము నీరా. ప్రొద్దెక్కి పులిసినచో అదియే కల్లు. తెలంగాణ ప్రభుత్వము 2023 మే నెలలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు తీరమున నీరా కేఫ్ తెరచినది. చెట్టు ఒక్కటే గనుక రసమును అపవిత్రమే యనువారు హెండద మారయ్యను స్మరింపవలెను. హెండమనగా కన్నడమున కల్లు. కల్లు అమ్ముటయే వృత్తిగా గల ఆ మారయ్య బసవేశ్వరుని కాలపు శరణులలో ఒకడు, వచనకర్త. త్రాగవచ్చినవారిచేత త్రాగుడు మాన్పించెనని సంప్రదాయము చెప్పును. అతనికి చెట్టును దూషింపవలసిన పని పడలేదు.

గీతవృత్తివానికి కల్లుకంటె నీరాకు శ్రమ యెక్కువ. కుండను దినదినము కడిగి సున్నము పూయవలెను, చీకటితోనే చెట్టెక్కవలెను, దింపినది చల్లగా దాచవలెను. తగిన ధర ఇచ్చు గిరాకి లేనిదే అతడేల పూనుకొనును? పెండ్లివారు ముందుగా చెప్పి తెప్పించుకొనినచో అతని కాయకమునకు ఆధారమగును. తెల్లవారుజాము ముహూర్తములు ఈ ప్రాంతమున అరుదు కావు. మాంగల్యధారణము కాగానే, ప్రొద్దు పొడవకమునుపే, అప్పుడే దింపిన నీరాను అతిథుల కందరకు ఒకే వరుసలో అందింపవచ్చును.